ఊరి పన్ను గడిలో నలభై డాలర్లు

జీతాల శుక్రవారం రెండు వారాలకొకసారి వచ్చేది. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి, దుప్పట్లు మడతపెట్టే యంత్రం ఆగాక, మేస్త్రీ కవర్లు పంచేవాడు. వెర్నా హ్లాడిక్ తన కవరు అక్కడ తెరిచేది కాదు. ఎవరూ తెరిచేవారు కాదు. ఒకరి జీతం చీటీ ఇంకొకరి కంట పడకూడదన్నది కార్విన్ ఫెర్రీ ఊళ్లో ఎవరూ ఎక్కడా రాసిపెట్టని కట్టడి. ఆడవాళ్లు ఒకరికొకరు ఆపరేషన్ మచ్చలు చూపించుకునేవారు, మొగుళ్ల తాగుడు గురించి చెప్పుకునేవారు. జీతం అంకె మాత్రం కోటు లోపలి జేబులో, గుండెను ఆనుకుని ఇంటికి వెళ్లేది.

వెర్నాకు యాభై నాలుగేళ్లు. ఒహాయో నది ఒడ్డున ఉన్న మార్లో లాండ్రీలో పదహారేళ్లుగా పని. మూడు జిల్లాల ఆసుపత్రుల దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. ఎవరెవరి జ్వరాలనో మోసిన గుడ్డలు ఒక తలుపులోంచి లోపలికి పోతాయి. ఇంకో తలుపులోంచి, ఇంకా ఎవరూ అడుగు వేయని మంచులా, తెల్లగా వేడిగా బయటికి వస్తాయి. దుప్పటి ఒక కొస వెర్నా పట్టుకుంటే రెండో కొస యూలా బాట్స్ పట్టుకునేది. యూలా నల్లజాతి ఆమె, అరవైకి దగ్గరపడింది, లాండ్రీకి వెర్నా కంటే ఆరేళ్లు ముందు వచ్చింది. పదహారేళ్లుగా ఆ ఇద్దరూ దుప్పటికొకసారి దగ్గరికి వచ్చి, చేతులు తాకించుకుని, మళ్లీ దూరం జరుగుతూ ఉన్నారు.

వెర్నా తండ్రి బొగ్గుగనిలో పనిచేశాడు. యూరప్ నుంచి వలస వచ్చిన వాళ్ల స్లోవాక్ వాడలో మగవాడు జీతం కవరు అంటించింది అంటించినట్టే తెచ్చి భార్య చేతిలో పెట్టాలి. ముందే చింపిన కవరు తెచ్చినవాడి గురించి వాడంతా వారం రోజులు చెప్పుకునేది. తల్లి కూరగాయల కత్తితో కవరు చీల్చి, దాని మీద గుమాస్తా రాసిన కోతలు పైకి చదివేది. కంపెనీ కొట్టుకింత, ఇంటద్దెకింత, డాక్టరుకింత. పిల్లలు చర్చిలో ప్రార్థన విన్నట్టు వినేవారు. ఆ తరువాత మిగిలింది బల్లమీద పెట్టేది. అది చదవనవసరం లేకుండానే ఎంతో తెలిసిపోయేది.

అలాంటి ఇంట్లో పెరిగి కూడా వెర్నా అందరూ చేసే తప్పే చేసింది.

పంతొమ్మిది వందల తొంభై ఆరులో చర్చి వాళ్లు పాత సామాను అమ్మకం పెట్టినప్పుడు ఆమె నూటయాభై డాలర్లకు ఒక కంప్యూటరు కొంది. దానితోపాటు ఒక ప్రింటరు, సొంత ఇంటి జమాఖర్చులు రాసుకునే ప్రోగ్రాం ఒకటి వచ్చాయి. ఉక్కు మిల్లు మూతపడ్డాక నడుం నొప్పితో ఇంట్లోనే ఉంటున్న ఆమె భర్త ఎమిల్, టీవీకి ఏదో జబ్బు చేస్తే ఇలా అవుతుందని నవ్వేవాడు. వెర్నా పట్టించుకోలేదు. కరెంటు బిల్లు, మాంసం కొట్టు, ఎమిల్ మందులు, అన్నీ అందులోకి ఎక్కించేది. జీతం వచ్చిన రోజున మాత్రం ఒకే ఒక్క వరస రాసేది: జీతం, 463.90. చెక్కు మీద ఉన్నది అదే. బ్యాంకుకు వెళ్లేది అదే. ఆ ఊళ్లో ఎవరినైనా జీతమెంతని అడిగితే, అడగరుగాని ఒకవేళ అడిగితే, చెప్పేదీ అదే.

పంతొమ్మిది వందల తొంభై ఏడు అక్టోబరులో ఆమె ఇంటి యజమాని వచ్చి వంటగదిలో కూర్చున్నాడు. ఓటిస్ క్రైడర్, మాట తక్కువ మనిషి. మంచు కరిగాక అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నానని, ఇల్లు అమ్మేస్తున్నానని చెప్పాడు. పంతొమ్మిదేళ్లుగా అద్దె ఒక్క రోజు ఆలస్యం చేయనిదానివి కాబట్టి ముందు నిన్నే అడుగుతున్నానన్నాడు. ఇరవై ఎనిమిది వేలు. బ్యాంకు అక్కర్లేదు, నెలనెలా తనకే కట్టుకోవచ్చు. కాని మొదట రెండు వేలు చేతిలో పెట్టాలి. మార్చి పదిహేను దాటితే ఏజెంటుకు అప్పగిస్తాడు.

అతను వెళ్లాక వెర్నా వంటగది గోడకు అరచెయ్యి ఆనించింది. పొయ్యి వేడికి గోడ వెచ్చగా ఉంది. ఆ రంగు వేసింది ఆమె. ఆ కిటికీ చట్రం బాగు చేసింది ఎమిల్. ఇంత కాలం ఇంకొకరి గోడను తన చేత్తో సాకిందని ఆమెకు అప్పుడే తట్టినట్టు అనిపించింది. అద్దెకుండేవాళ్లు గోడలను అలా తాకరు.

దాచుకున్నది వెయ్యి ఉంది. రెండో వెయ్యి ఎక్కడుందో కూడా ఆమెకు తెలుసు, లేదా తెలుసుననుకుంది. జనవరిలోనే ఆమె కంపెనీకి రాసిచ్చింది: ప్రతి జీతంలో దేశానికి కట్టే పన్ను కింద మామూలుగా కోసేదానికి పైన ఇంకో నలభై డాలర్లు కోయమని. లాండ్రీలో చాలామంది అలా చేసేవారు. చేతికొస్తే ఏదో ఒకదానికి పోతుంది. ప్రభుత్వం దగ్గర ఉంటే ఎవరూ ముట్టుకోరు, ఏడాది తిరిగాక రిఫండుగా ఒక్కసారి వస్తుంది. ఏడాదికి ఇరవై ఆరు జీతాలు, వెయ్యి నలభై. ఫిబ్రవరి మొదట్లోనే కాగితాలు పంపితే మార్చి మొదటికల్లా చెక్కు వస్తుంది.

నవంబరు మధ్యలో, ఒక శనివారం పొద్దున, ఆ రిఫండు సరిగ్గా ఎంత వస్తుందో చూద్దామని వెర్నా కంప్యూటరు ముందు కూర్చుంది. బయట చిన్న జల్లు. ప్రోగ్రాంతో వచ్చిన పుస్తకంలో జీతం గురించి ఒక అధ్యాయం ఉంది. అంతవరకూ ఆమె దాన్ని చదవలేదు. చేతికొచ్చింది రాయకండి, అంది పుస్తకం. పైన మొత్తం జీతం రాయండి. కింద ఒక్కొక్క కోతకూ ఒక్కొక్క వరస ఇవ్వండి. అడుగున మిగిలే అంకె చెక్కుతో సరిపోవాలి.

కుట్టుమిషను సొరుగులోంచి ఇరవై మూడు జీతం చీటీలు తీసింది. మొదటిది తెరపై విడగొట్టింది. మొత్తం 624.00. దేశానికి 41.20. ముసలితనపు పింఛనుకు 38.69. ముసలితనపు వైద్యానికి 9.05. రాష్ట్రానికి 13.80. ఊరికి 49.36. ఆరోగ్య బీమాకు 8.00. అడుగున ప్రోగ్రాం తనంతట తనే చూపించింది: 463.90. అంకెలు కాసేపు అలా వెలుగుతూ ఉన్నాయి. తల్లి గొంతు గుర్తొచ్చి వెర్నా వాటిని మెల్లగా పైకి చదివింది.

రెండు శనివారాలు పట్టింది. ఆఖరు చీటీ ఎక్కించాక, ఏ పన్నుకు ఏడాదిలో ఎంత వెళ్లిందో చూపమని అడిగింది. దేశానికి తొమ్మిది వందల నలభై ఏడు. ఊరికి పదకొండు వందల ముప్పై ఐదు.

ఊరి పన్ను డాలరుకు ఒకటిన్నర సెంటు. దేశం కంటే ఊరు ఎక్కువ తీసుకోవడమేమిటి? పెన్సిలుతో లెక్క వేసింది. ఊరికి వెళ్లాల్సింది జీతానికి 9.36. వెళుతున్నది 49.36. నలభై డాలర్లు, జనవరి నుంచి, ఒక్కసారి కూడా తప్పకుండా, పక్క గడిలోకి నడిచి వెళ్లాయి. చేతికొచ్చేది మారలేదు. కాబట్టి ఎవరి కంటా పడలేదు.

ఎమిల్ ఆమె భుజం మీదుగా చూసి, "ఊరు నీ దగ్గర చేబదులు తీసుకుందేమిటే, చెప్పనన్నా చెప్పకుండా" అన్నాడు.

"తీసుకుంది. నేను వెళ్లి అడుగుతాను."

సోమవారం షిఫ్టు అయ్యాక ఆమె ఊరి పన్నుల కిటికీ ముందు నిలబడింది. లోపలి గుమాస్తా చీటీలను ఓపిగ్గా చూసింది. ఇది తిరిగి రావాల్సిన డబ్బేనని ఒప్పుకుంది. కొత్త సంవత్సరం వచ్చాక ఫారం ఇవ్వాలి, దానికి కంపెనీ ఉత్తరం జతచేయాలి, ఆగస్టుకల్లా చెక్కు రావచ్చు. ఆగస్టు అన్న మాట విని వెర్నా కదల్లేదు. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఇంకో దారి లేదా అని అడిగింది. ఉందంది గుమాస్తా. ఈ సంవత్సరం లెక్కలు మూసేలోపు కంపెనీయే సరిచేస్తే, డబ్బు తన చేతుల మీదుగా వెర్నాకు ఇచ్చేసి, ఊరికి ఈసారి కట్టేదాంట్లో ఆ మేరకు తగ్గించుకోవచ్చు. వెర్నా ఆ గుమాస్తా పేరు, ఫోను నంబరు చీటీ వెనక రాసుకుంది.

జీతాలు చూసే ఫెన్విక్ గది మేడమీద. గాజు కిటికీలోంచి కింద యంత్రాలన్నీ కనబడతాయి. ఫెన్విక్ కి అరవై దాటాయి. ఇరవై ఏళ్లు చేత్తో లెక్కలు రాసి, ఈ ఏడాదే జీతాల పని కొలంబస్ లోని ఒక ఆఫీసుకు అప్పగించాల్సి వచ్చిందని కొంచెం చిన్నబోయి ఉంది. వెర్నా చెప్పింది విని ఆమె ముందు అడిగింది, చేతికొచ్చేది ఏమైనా తగ్గిందా అని. లేదంది వెర్నా. మరి నష్టమేమిటంది ఫెన్విక్.

"నా డబ్బు నేను పెట్టమన్నచోట లేదు, ఫెన్విక్ గారూ. నేను జనవరిలో రాసిచ్చిన కాగితం ఒకసారి తీయండి."

కాగితం వచ్చింది. దేశపు పన్ను ఒక వరస, ఊరి పన్ను ఒక వరస, పక్కన "అదనంగా" అని ఒకే ఒక్క గడి. ఆ గడిలో వెర్నా చేతిరాతతో నలభై. రెండు ఫారాలెందుకని ఫెన్విక్ తనే స్కేలుతో గీసి, రెంటినీ ఒక్క కాగితం చేసింది. గడి రెండు వరసలకూ మధ్యలో పడింది. కొలంబస్ లో ఎవరో దాన్ని కింది వరసదనుకున్నారు.

ఫెన్విక్ ఆ కాగితాన్ని బల్లమీద బోర్లా పెట్టింది. కింద ఆవిరి గొట్టం ఒకసారి నిట్టూర్చింది. వచ్చే జీతం కాగితాలు అప్పటికే వెళ్లిపోయాయని, ఆ తరువాతి దాని నుంచి ఆపిస్తానని, ఇప్పటిదాకా పోయింది ఊరి దగ్గర తీసుకోవాలని చెప్పింది. ఆగస్టుకు ఆ ఇంట్లో ఇంకొకరు ఉంటారంది వెర్నా. ఒక్క మనిషి కోసం ఏడాది లెక్కలు తిరగతోడమంటే కొలంబస్ వాళ్లు ఒప్పుకోరంది ఫెన్విక్.

"ఒక్క మనిషికే జరిగిందా?"

"ఇంకొకరి కాగితం నేను నీకు చూపించను, వెర్నా. అది నీకూ తెలుసు."

తెలుసు. మెట్లు దిగుతూ వెర్నా అదే ఆలోచించింది. ఇంకొకరి కాగితం ఫెన్విక్ చూపదు. ఎవరి కాగితం వాళ్లే చూపాలి. చూపమని అడగాలంటే ముందు తనది చూపాలి.

కృతజ్ఞతల పండుగ సెలవు అయ్యాక, సోమవారం భోజనాల గదిలో, రొట్టెముక్కల డబ్బాల మధ్య ఆమె తన లెక్క పరిచింది. పేజీలు విడదీయని ప్రింటరు కాగితం బల్ల చివరిదాకా సాగింది. మొత్తం జీతం, కోతలు, చేతికొచ్చింది. ఆడవాళ్లు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు, ఆమె వాళ్లముందు బట్టలు విప్పినట్టు. ఒకామె కాఫీ తెచ్చుకుంటానని లేచింది. వెర్నా ఆగలేదు. ఏం జరిగిందో చెప్పింది. అదనంగా కోయమన్నవాళ్లు ఊరి పన్ను వరస ఒకసారి చూసుకోండంది. నాకు చూపనక్కర్లేదు, మీరు చూసుకుంటే చాలంది.

అప్పుడు యూలా సంచిలోంచి కళ్లజోడు తీసింది, తరువాత కవరు తీసింది. క్రిస్మస్ అప్పులు తీర్చడానికని ఆమె జీతానికి పాతిక కోయించుకుంటోంది.

"ముప్పై నాలుగు డాలర్ల ఆరు సెంట్లు, ఊరికి" అని చదివింది. "మా వీధిలో గుంత పూడ్చడానికి ఈ ఊరికి పదేళ్లుగా తీరిక లేదు. నా డబ్బు మీద మాత్రం ఇంత ప్రేమ."

బల్ల చుట్టూ నవ్వు తిరిగింది. ఆ నవ్వులోనే ఇంకో నాలుగు సంచులు తెరుచుకున్నాయి. యూలా తన చీటీని వెర్నా కాగితం పక్కన పెట్టి, వేలితో వరసలు సరిచూస్తూ పైకి వెళ్లింది. పై వరస దగ్గర వేలు ఆగింది. వెర్నాది 624. యూలాది 604. ఎనభై గంటలకు ఇరవై డాలర్లు. గంటకు పాతిక సెంట్లు.

నవ్వు ఇంకా ఆగలేదు. వాళ్లిద్దరికీ మాత్రం వినబడటం ఆగిపోయింది.

"నువ్వు పట్టుకునే కొస బరువెక్కువ కాబోలు, పిల్లా" అంది యూలా.

వెర్నా తనకు తెలియదని చెప్పబోయింది. అది నిజమే, కానీ ఆ నిజం నోట్లో చాలా చిన్నదిగా తోచి మింగేసింది. యూలా చీటీ మడిచి మళ్లీ విప్పింది.

"ముందు ఈ గడి సంగతి తేల్చు. నాది కూడా రాయి" అంది.

మొత్తం ఏడుగురు తేలారు. ఆ వారాంతం రెండు మధ్యాహ్నాలూ యూలా వెర్నా వంటగదిలో కూర్చుని చీటీలు పైకి చదివింది, వెర్నా ఎక్కించింది. ప్రతి మనిషికీ వేరే ఖాతా, ప్రతి జీతానికీ విడివిడి వరసలు. అడుగు అంకె చెక్కుతో సరిపోని చీటీని వెర్నా పక్కన పెట్టి రెండోసారి చదివించేది. ఎమిల్ వాల్‌నట్ పిండి చుట్టి కాల్చిన రొట్టె కోసి పెట్టాడు. ఇంత వేగంగా చదివితే ప్రింటరుకు చెమటలు పడతాయన్నాడు. యూలా నవ్వింది. కానీ తన చీటీలు వచ్చినప్పుడు మాత్రం పై వరసను ఒక్కో అంకే విడదీసి, నెమ్మదిగా చదివింది. ఆరు. సున్నా. నాలుగు. వెర్నా తలెత్తకుండా టైపు చేసింది. ఇరవై నాలుగు సార్లు.

సోమవారం మూడున్నరకు ఆ కాగితాల కట్టతో మేడెక్కింది. ఏడుగురివి కలిపి నాలుగు వేల ఐదు వందల అరవై డాలర్లు. ఫెన్విక్ ఒక్కో పేజీ తిప్పింది. తన ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ పెన్సిలుతో అక్కడక్కడ కూడి చూసింది. ఎక్కడా సెంటు తప్పలేదు. కొలంబస్ కు ఫోను చేసింది. అవతలి గొంతు ఏదో చెప్పింది. ఫెన్విక్ రిసీవరు అరచేత్తో మూసి, వచ్చే ఏడు చూస్తామంటున్నారంది.

వెర్నా కూర్చోలేదు. "వచ్చే ఏడుకు ఈ లెక్క మూసేస్తారు. ఈ ఏడు ఇంకా రెండు జీతాలున్నాయి. కంపెనీ ఎలా సరిచేయాలో ఊరాఫీసు గుమాస్తాకు తెలుసు, ఆమె నంబరు మొదటి పేజీలో రాశాను. వాళ్లిద్దరినీ మాట్లాడుకోమనండి. నేను ఇక్కడే ఉంటాను."

"బస్సు పోతుంది నీకు."

"పోనీండి."

బస్సు పోయింది. కిటికీ అవతల నది మీద వెలుతురు సన్నబడుతూ, ఉతికి ఆరేసిన గుడ్డలా బూడిదరంగుకు తిరిగింది. ఫెన్విక్ మూడు ఫోన్లు చేసింది. మూడోదానిలో ఆమె గొంతు మారింది. తప్పు కొలంబస్ వాళ్లది కాదని, ఆ కాగితం గీసింది తనేనని, కాబట్టి సరిచేయాల్సిన బాధ్యత కంపెనీదని, ఏడుగురి పేర్లూ చదువుతాను రాసుకోమని చెప్పింది. పేర్లు చదువుతున్నంతసేపూ వెర్నా వైపు చూడలేదు. ఫోను పెట్టేశాక, ఆఖరు జీతంలో వస్తుందని మాత్రం అంది. వెర్నా ఆమెకు కృతజ్ఞతలు చెప్పింది. పైకి అనేదాకా ఆ మాట అంత మనస్ఫూర్తిగా వస్తుందని తనకే తెలియదు.

డిసెంబరు ఇరవై ఆరు శుక్రవారం. కవర్లు వచ్చాయి. వెర్నా అక్కడే, యంత్రం పక్కనే నిలబడి చింపింది. ఊరి పన్ను వరసలో అంకె ముందు ఒక చిన్న గీత: ఈ జీతానికి కోయాల్సిన 9.36 పోను, తొమ్మిది వందల యాభై డాలర్ల అరవై నాలుగు సెంట్లు, వెనక్కి. ఇప్పుడు కోయడం ఆపేసిన నలభై కూడా కలిసి, చెక్కు 1,463.90. పదహారేళ్లలో అంత పెద్ద అంకె పక్కన తన పేరు ఆమె చూడలేదు. యూలాకు ఆరు వందలు తిరిగొచ్చాయి.

మరునాడు పొద్దున్నే అది ప్రోగ్రాంలో ఎక్కించింది. పన్ను వరసలో తీసివేత గుర్తు పెట్టగానే, ఇది నిజమేనా అన్నట్టు ప్రోగ్రాం ఒక ప్రశ్న అడిగింది. అవునని నొక్కింది. ఆ తరువాత ఎమిల్ తో కలిసి క్రైడర్ ఇంటికి వెళ్లింది. అతను రెండు వేల చెక్కును వెలుతురుకు పట్టి చూశాడు, మార్చి దాకా టైముందిగా అన్నాడు, ఒప్పందం కాగితం తీసి సంతకం పెట్టాడు. వడ్డీతో కలిపి నెలకు రెండు వందల నలభై, పదిహేనేళ్లు. తిరిగొచ్చేటప్పుడు ఎమిల్ ఏ హాస్యమూ ఆడలేదు. ఇంటి ముందు ఆగి వసారా కొయ్యను ఒకసారి గట్టిగా ఊపి చూశాడు, దాన్ని ఇక తనే బాగు చేయించాలి కాబట్టి.

ఆదివారం మధ్యాహ్నం యూలా వచ్చింది. కోటు విప్పలేదు. వంటగది గుమ్మంలోనే నిలబడి, శుభాకాంక్షలు చెప్పి, తనకు ఒక కాగితం కావాలంది.

"నీ పై వరస, నా పై వరస. రెండూ పక్కపక్కన, ఏడాది పొడుగునా. రేపు మేడమీదికి తీసుకెళ్తాను."

వెర్నా ఎమిల్ వైపు చూసింది. అతను నేల వైపు చూస్తున్నాడు. నెలకు రెండు వందల నలభై, పదిహేనేళ్లు. మార్లో లాండ్రీ ఇచ్చే జీతంలోంచే. ఒకరి జీతం ఇంకొకరికి రాసిచ్చిందని తెలిస్తే పైవాళ్లు ఏమంటారో ముగ్గురికీ తెలుసు.

"నీ పేరు చెరిపేసి ఇవ్వు. అంకె చాలు నాకు" అంది యూలా.

వెర్నా కంప్యూటరు ముందు కూర్చుంది. రెండు ఖాతాలు తెరిచి, పై వరసలు మాత్రం ఏరింది. ప్రింటరు కదిలింది, తల అటూ ఇటూ నడుస్తూ వరసలు వేసింది, చాలాసేపు. కాగితం మొదట్లో ఎడమవైపు ఒక పేరు, కుడివైపు ఒక పేరు, రెండూ పూర్తిగా.

యూలా చదివింది. "పేరు ఉంచేశావు."

"పేరు లేకపోతే అది ఎవరి అంకో వాళ్లు అడుగుతారు. నువ్వు చెప్పవు. అక్కడితో ఆగిపోతుంది." వెర్నా కాగితాన్ని చిల్లుల గీత వెంట జాగ్రత్తగా చింపి ఆమె చేతికిచ్చింది. "రేపు మూడున్నరకు. నేనూ వస్తాను. ఆ మెట్లు నాకు అలవాటే."